నిల్వ లేని విషం కారిపోదు

ప్రమాదకర రసాయనాల నిబంధనలు మన ఫ్యాక్టరీలను ఎలా మారుస్తున్నాయి?

హైదరాబాద్‌లో గోల్నాక నుంచి మూసీ వెంట దిగువకు వెళ్తే అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం వస్తుంది. రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే సామర్థ్యంతో దాన్ని కట్టారు. అక్కడికి చేరేదంతా మన ఇళ్లలో అంట్లు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లేనని చాలామంది అనుకుంటారు. కానీ పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలు వాడి వదిలిన నీటిని కూడా ఆ దారికే మళ్లించారు. అక్కడి వ్యర్థజలాలను ఉమ్మడి కేంద్రంలో శుద్ధి చేసి, 18 కిలోమీటర్ల పైపులైను వేసి, నగరపు పెద్ద మురుగు కాలువలో కలిపి అంబర్‌పేటకు చేర్చే ఏర్పాటు చేశారు.

అంత దూరం ఎందుకు మోసుకురావాల్సి వచ్చింది? పటాన్‌చెరు నీళ్లు పల్లం వెతుక్కుంటూ సహజంగా పారే దారి వేరు. ఇసుకవాగులోంచి నక్కవాగులోకి, నక్కవాగులోంచి మంజీరలోకి. మంజీర హైదరాబాద్‌కు దశాబ్దాల పాటు తాగునీరిచ్చిన నది. ఆ వాగుల వెంట ఉన్న ఊళ్లలో బావులు, చెరువులు, పొలాలు పాడయ్యాయని 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన విచారణలు, కమిటీల నడుమ పుట్టిన పరిష్కారాల్లో ఈ పైపులైను ఒకటి. మంజీరను కాపాడాలని మూసీకి మళ్లించారు.

గోల్నాకకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే తార్నాక. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న ఆ ప్రాంతంలో భారత రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీ ఉంది. 1944లో హైదరాబాద్ సంస్థానం పెట్టిన పరిశోధనశాల అది. 1956లో సీఎస్‌ఐఆర్ చేతికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల అయింది. 1989లో ఇప్పటి పేరు వచ్చినా, పాతవాళ్లు ఇంకా ‘ఆర్‌ఆర్‌ఎల్’ అనే అంటారు. జాతీయ పోషకాహార సంస్థ కూడా ఆ పక్కనే. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, కారణం వెతకడానికి ఈ సంస్థల నుంచి కూడా బృందాలు వెళ్లాయి.

అంటే రసాయనశాస్త్రం చదువు తార్నాకలో, రసాయనాలను టన్నుల్లో తయారుచేసే పని పటాన్‌చెరులో, మిగిలిన నీళ్లు మళ్లీ అంబర్‌పేటలో. ఈ చక్రాన్ని అదుపులో ఉంచాల్సినవి ప్రమాదకర రసాయనాల నిబంధనలు. వాటి పేరు వినగానే మనకు ఫైళ్లు, అనుమతులు, తనిఖీలు గుర్తొస్తాయి. మంచి నిబంధన ఫైలు దగ్గర ఆగదు. ఫ్యాక్టరీ ఏ సరుకు కొంటుందో, ఎంత నిల్వ పెడుతుందో, ఏ దారిలో తయారుచేస్తుందో మారుస్తుంది. అలా మార్చిన చోట ప్రాణాలు నిలిచాయి. కాగితం దగ్గర ఆగిపోయిన చోట పోయాయి.

150 కిలోల గీత

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ట్యాంకులో సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ ఉంది. ఆ కంపెనీ దాన్ని అమ్మేది కాదు. కార్బరిల్ అనే పురుగుమందు తయారీలో అది మధ్య మెట్టు మాత్రమే. ట్యాంకులోకి నీరు చేరింది, చర్య మొదలైంది, వేడి పెరిగింది, విషవాయువు ఊరి మీద పడింది.

ఆ తర్వాతే మన దేశంలో ఒకదాని వెంట ఒకటి చట్టాలు వచ్చాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ చేసి ప్రమాదకర ప్రక్రియల మీద ప్రత్యేక అధ్యాయం చేర్చారు. 1989 నవంబరు 27న ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు. ఇటలీలోని సెవెసో దగ్గర 1976లో డయాక్సిన్ వెదజల్లిన ప్రమాదం తర్వాత యూరప్ తెచ్చుకున్న నిబంధనల పద్ధతే వీటికీ ఆధారం.

ఆ పద్ధతిలో రెండు మాటలున్నాయి: జాబితా, పరిమాణం. మొదట ఏయే రసాయనాలు ప్రమాదకరమో పేర్లతో రాసుకున్నారు. 2000 సవరణ తర్వాత ఆ జాబితాలో 684 పేర్లున్నాయి. ఆపైన ముఖ్యమైన వాటికి ఎంత నిల్వ ఉంటే ఏం చేయాలో గీతలు గీశారు. క్లోరిన్‌కు కింది గీత 10 టన్నులు, పై గీత 25 టన్నులు. కింది గీత దాటితే ప్రభుత్వానికి ముందుగా తెలియజేయాలి, ఫ్యాక్టరీ లోపలి అత్యవసర ప్రణాళిక రాయాలి, చుట్టుపక్కల వారికి సమాచారం ఇవ్వాలి. పై గీత కూడా దాటితే వీటికి తోడు పూర్తి సేఫ్టీ రిపోర్టు ఇవ్వాలి. మిథైల్ ఐసోసయనేట్‌కు రెండు గీతలూ ఒక్కచోటే: 150 కిలోలు. భోపాల్ ట్యాంకులో ఉన్నది దానికి దాదాపు 270 రెట్లు.

ఈ గీతలు కంపెనీ నడకను ఎలా మారుస్తాయో క్లోరిన్‌తోనే చూద్దాం. క్లోరిన్ వచ్చే పెద్ద సిలిండర్లను ‘టన్నర్లు’ అంటారు. ఒక్కోదానిలో 900 కిలోలు పడుతుంది. స్టోర్‌లో 12 టన్నర్లు పెట్టుకుంటే 10.8 టన్నులు, గీత దాటినట్టు. 11 పెట్టుకుంటే 9.9 టన్నులు, దాటనట్టు. కాబట్టి సరుకు కొనే మేనేజరు నెలకోసారి లారీ తెప్పించే బదులు పది రోజులకోసారి తెప్పించడం మొదలుపెడతాడు. రవాణా ఖర్చు పెరుగుతుంది. కానీ ఏ క్షణాన చూసినా ఆవరణలో ఉండే విషం తగ్గుతుంది. నిబంధన అతనికి రసాయనశాస్త్రం నేర్పలేదు, ఇండెంట్ రాసే పద్ధతి మార్చింది. అదీ లాభమే.

అయితే 11 టన్నర్లు నిరపాయమైనవి కావు. అందులో ఒక్కటి కారినా పక్క బస్తీకి చాలు. గీత కిందికి దిగి ఊరుకున్న కంపెనీ చట్టం నుంచి తప్పించుకుంది, క్లోరిన్ నుంచి తప్పించుకోలేదు.

ఇంకో మెట్టు పైకెక్కిన కంపెనీలూ ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన భద్రతా ఇంజినీరు ట్రెవర్ క్లెట్జ్ భోపాల్‌కు ముందునుంచే ఒక విషయం చెబుతూ వచ్చారు. ప్రమాదకర పదార్థం చుట్టూ గోడలు, అలారాలు కట్టడం కంటే అసలు ఆ పదార్థమే దగ్గర లేకుండా చూసుకోవడం మేలని ఆయన బోధన సారం. భోపాల్ తర్వాత అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ మిథైల్ ఐసోసయనేట్‌ను ట్యాంకుల్లో నిల్వ చేయడం మానేసి, అప్పటికప్పుడు తయారుచేసి అప్పటికప్పుడే వాడుకునే పద్ధతికి మారింది. సరుకు అదే, రసాయనం అదే. పొంచి ఉండే టన్నులు మాత్రం లేవు. నిల్వ లేని విషం కారిపోదు.

డైరెక్టరు గారి సంతకం

ఫ్యాక్టరీ చట్టాల్లో ‘ఆక్యుపయర్’ అనే మాట ఒకటుంది. ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఎవరిదో ఆ వ్యక్తి. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరు ఆ పేరు మోయాలి. షిఫ్టు ఇన్‌ఛార్జి మీదకో, కాంట్రాక్టరు మీదకో బాధ్యత నెట్టకుండా చట్టం చేసిన ఏర్పాటు ఇది.

ఆ ఆక్యుపయర్ చేయాల్సిన పనులు తక్కువేమీ కాదు. ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ దగ్గర ఉండాలి. అది ఎంత వేడికి అంటుకుంటుంది, పీల్చితే ఏమవుతుంది, కంట్లో పడితే ఏం చేయాలి, దేనితో కలపకూడదు అనేవన్నీ అందులో ఉంటాయి. ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. బయటి నిపుణుడితో సేఫ్టీ ఆడిట్ చేయించాలి. పెద్ద ప్రమాదం జరిగితే 48 గంటల్లో తెలియజేయాలి. ఫ్యాక్టరీ గోడ బయటి జనాన్ని కాపాడే ప్రణాళికను జిల్లా యంత్రాంగం రాస్తుంది. దానికి కావలసిన సమాచారం ఇవ్వాల్సింది కంపెనీయే.

వీటికి తోడు కోర్టులు పెట్టిన బరువు ఉంది. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు కారిన కేసులో, 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత అనే సూత్రాన్ని నిలబెట్టింది. ప్రమాదకరమైన పని చేసి లాభం తీసుకునేవారు, మా జాగ్రత్తలన్నీ మేం తీసుకున్నామని చెప్పి నష్టపరిహారం తప్పించుకోలేరు. పైగా కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలి. 1991లో వచ్చిన ప్రజా బాధ్యత బీమా చట్టం ఇలాంటి ఫ్యాక్టరీలకు బీమాను తప్పనిసరి చేసింది. అప్పటినుంచి ప్రమాదం అనేది కంపెనీ లెక్కల పుస్తకంలో ఒక పద్దు అయింది.

కూలింగ్ ఆపిన ట్యాంకు

ఇన్ని ఉన్నా 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలోనే ఉక్కిరిబిక్కిరయ్యారు. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ జాబితాలో లేని రసాయనం కాదు. 1989 నిబంధనల మొదటి షెడ్యూలులో 583వ పేరు అదే.

స్టైరీన్ ప్లాస్టిక్ తయారీకి ముడిసరుకు. దాని అణువులకు ఒకదానితో ఒకటి గొలుసు కట్టే గుణముంది. గొలుసు కట్టిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది. ఆ వేడికి పక్క అణువులు ఇంకా తొందరగా గొలుసు కడతాయి. అందుకే స్టైరీన్‌ను చల్లగా ఉంచుతారు, గొలుసు కట్టకుండా ఆపే టీబీసీ అనే నిరోధకాన్ని పిడికెడంత కలుపుతారు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగింది. ట్యాంకు మాత్రం నిండుగానే ఉంది. సరుకు తయారీ ఆగినా సరుకులోని రసాయన చర్య ఆగదు.

రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన ఉన్నతస్థాయి కమిటీ జులైలో నివేదిక ఇచ్చింది. కూలింగ్ వ్యవస్థను రోజంతా నడపలేదని, నిరోధకం తగినంత లేదని, ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉందని అది తేల్చింది. వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది. అడుగున ఉన్న మీటరు చల్లదనాన్నే చూపిస్తుంది. పై పొర మరుగుతున్నా కంట్రోల్ రూములో అంకె మామూలుగానే కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలున్నా ఆ రాత్రి సైరన్ మోగలేదని కూడా కమిటీ రాసింది.

అడుగున ఒక్క మీటరు పెట్టి ‘ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉందా?’ అన్న గడిలో ‘ఉంది’ అని నిజాయితీగానే రాయొచ్చు. 36 మీటలు చూపించి ‘సైరన్ ఉందా?’ అన్న గడిలోనూ అలాగే రాయొచ్చు. ద్రవం ఎలా వేడెక్కుతుందో తెలిసినవాడు మాత్రమే పైన ఇంకో మీటరు కావాలని అడుగుతాడు. నిబంధన అడిగే ప్రశ్నను రసాయనం అడిగే ప్రశ్నగా మార్చుకోగలిగిన మనిషి ప్రతి ఫ్యాక్టరీలో ఒకరుండాలి. ఆ మనిషి మాట డైరెక్టరు దాకా చేరాలి.

కిలో మందు వెనక పాతిక కిలోల చెత్త

పేలుడు ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. కాలుష్యం దశాబ్దాలు తీసుకుంటుంది. పటాన్‌చెరు, బొల్లారం కథ ఈ రెండో రకం.

1960లలో హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడ పని నేర్చిన రసాయన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు తర్వాత సొంతంగా కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. బల్క్ డ్రగ్స్, అంటే మాత్రలో అసలు పనిచేసే మందు పదార్థం తయారీకి హైదరాబాద్ దేశంలోనే పెద్ద కేంద్రమైంది. చవక మందులు దేశానికే కాదు, ప్రపంచానికి అందాయి. ఆ మేలు చిన్నది కాదు.

మందు తయారీలో చెత్త ఎక్కువ. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో ఒక లెక్క చెప్పారు. కిలో సరుకు తయారీకి ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుందో చూస్తే, పెట్రోలు శుద్ధిలో అది కిలోలో పదో వంతు. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఒక మందు అణువును అయిదారు మెట్లలో కడతారు. ప్రతి మెట్టులో సాల్వెంటులో కరిగించాలి, కడగాలి, వడగట్టాలి, ఆరబెట్టాలి. మిగిలేది సాల్వెంట్లు, లవణాలు, సగం కట్టిన అణువుల కషాయం.

ఇప్పుడు అంబర్‌పేట సంగతి చూడండి. ఇళ్ల మురుగును శుద్ధి చేసేవి సూక్ష్మజీవులు. అన్నం, సబ్బు, మలం అవి తినగలవు. లవణాలను తినలేవు. కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని పరిశ్రమలో ‘టీడీఎస్’ అంటారు. మురుగులో కలిపితే లీటరుకు ఉండే టీడీఎస్ తగ్గుతుంది గానీ, మొత్తం లవణం ఒక్క గ్రాము కూడా తగ్గదు. పలచన చేయడం శుద్ధి చేయడం కాదు. అంబర్‌పేట దాటి, ఆ దిగువన మూసీ నీళ్లతో గడ్డి, వరి పండించే రైతుల దాకా ఆ లవణం అలాగే ప్రయాణిస్తుంది.

అందుకే కాలుష్య నియంత్రణ మండలి ఇలాంటి కంపెనీలను చుక్క నీరు కూడా బయటకు వదలని జీరో లిక్విడ్ డిశ్చార్జి పద్ధతి వైపు నెట్టింది. దీని ఖర్చు అర్థం కావాలంటే అన్నం వార్చే గిన్నె గుర్తు తెచ్చుకుంటే చాలు. మరిగే స్థాయికి చేరిన లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికే సుమారు 2,260 కిలోజౌళ్ల శక్తి కావాలి. రోజుకు లక్ష లీటర్ల వ్యర్థజలాన్ని ఇగరబెట్టాలంటే బాయిలర్ ఎంత బొగ్గు తింటుందో ఊహించండి. ఈ భారం తగ్గించడానికి ఎంఈఈ అనే యంత్రం వచ్చింది. మొదటి పాత్రలో లేచిన ఆవిరినే రెండో పాత్రకు మంటగా, రెండోదాని ఆవిరిని మూడోదానికి వాడతారు. మూడు పాత్రలుంటే ఆవిరి ఖర్చు సుమారు మూడో వంతుకు దిగుతుంది. చివరికి మిగిలిన చిక్కని ద్రవాన్ని డ్రయర్‌లో ఎండబెడితే ఉప్పు ముద్ద మిగులుతుంది. దాన్ని ప్రమాదకర వ్యర్థాల పూడ్చివేత కేంద్రానికి పంపాలి.

ఈ ఖర్చు మీద పడ్డాకే చాలా కంపెనీలు వెనక్కి తిరిగి తమ ప్రక్రియను తాము చూసుకున్నాయి. బయటకు పోయే ప్రతి లీటరునూ డబ్బు పెట్టి ఇగరబెట్టాలంటే, ఆ లీటరు పుట్టకుండా చూడటమే చవక. ఎక్కువ లవణాల నీటినీ తక్కువ లవణాల నీటినీ ఒకే కాలువలో కలపడం మానేశారు. మిథనాల్, టోలుయీన్, అసిటోన్ వంటి సాల్వెంట్లను పారబోయకుండా స్వేదనం చేసి మళ్లీ వాడుకోవడం లాభసాటి అయింది. నాలుగుసార్లు కడిగేచోట రెండుసార్లతో సరిపెట్టే మార్గం వెతికారు. పర్యావరణం మీద ప్రేమతో రాని మార్పు బాయిలర్ బిల్లుతో వచ్చింది.

చిన్న కంపెనీకి ఈ దారి అంత సులువు కాదు. రెండు రియాక్టర్లతో నడిచే యూనిట్ సొంతంగా ఎంఈఈ పెట్టుకోలేదు. 1989లో జీడిమెట్లలో, 1994లో పటాన్‌చెరులో వచ్చిన ఉమ్మడి శుద్ధి కేంద్రాలు ఇలాంటి వారి కోసమే. అక్కడికి పంపే ట్యాంకరుకు డబ్బు కట్టలేక, రాత్రిపూట నాలాలో వదిలేసిన ఉదంతాలు ఈ పారిశ్రామిక వాడల చుట్టూ ఉండేవారందరికీ తెలుసు. ఆ ఒక్క ట్యాంకరు నిజాయితీగా ఖర్చు పెట్టిన పక్క కంపెనీకి కూడా అన్యాయం చేస్తుంది. నిబంధన అమలు కాని చోట నష్టపోయేది నియమం పాటించినవాడే.

ఒకరి తప్పుకు అందరూ చెల్లించిన సందర్భం కూడా ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ లెక్కగట్టింది. 70 మార్కులు దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. పటాన్‌చెరు–బొల్లారంకు 70.07, విశాఖపట్నానికి 70.82 వచ్చాయి. 2010 జనవరిలో అలాంటి ప్రాంతాలన్నింటిలో కొత్త ఫ్యాక్టరీలకు, విస్తరణలకు పర్యావరణ అనుమతులు కొంతకాలం ఆపేశారు. మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ తేడా లేకుండా ఆ వాడలో ఉన్నందుకు అందరి పనీ ఆగింది.

దూరదేశపు చట్టం, మన ఊరి రియాక్టరు

మన ఫ్యాక్టరీలను మార్చేవి మన చట్టాలు మాత్రమే కావు. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం భారతదేశం 2010 జనవరి 1 నాటికి కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడకాన్ని ఆపేయాల్సి వచ్చింది. నొప్పుల మాత్ర ఇబుప్రొఫెన్ తయారీలో అది సాల్వెంటుగా వాడుకలో ఉండేది. కంపెనీలు వేరే సాల్వెంటుకు మారాయి. సాల్వెంటు మారితే చర్య వేగం, ఉష్ణోగ్రత, వడగట్టే పద్ధతి, మందు స్వచ్ఛత అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. ఒక్క పేరు నిషేధిస్తే ఒక ఫ్యాక్టరీలో ఏడాది పని పుడుతుంది.

2007 జూన్‌లో అమల్లోకి వచ్చిన యూరప్ ‘రీచ్’ చట్టం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఏడాదికి టన్ను, అంతకు మించి యూరప్‌లోకి వచ్చే రసాయనమేదైనా అక్కడ నమోదు కావాలి. అది సురక్షితమని చూపే సమాచారం ఇవ్వాల్సింది కంపెనీ. సమాచారం లేకపోతే మార్కెట్ లేదు. మందులకు మినహాయింపులున్నా, మందుల తయారీలో మధ్య మెట్లుగా అమ్మే రసాయనాలు ఆ లెక్కలోకి వస్తాయి. ఎగుమతి చేసే హైదరాబాద్ కంపెనీలకు ఇది నేరుగా తగిలింది.

మాత్రలో మిగిలే సాల్వెంటుకూ అంతర్జాతీయ హద్దులున్నాయి. బెంజీన్ పది లక్షల భాగాల్లో 2 భాగాలు దాటకూడదు. డైక్లోరోమీథేన్‌కు 600, మిథనాల్‌కు 3,000, అసిటోన్‌కు 5,000. ఈ అంకెలు చూసిన రసాయన శాస్త్రవేత్త మొదటిరోజే బెంజీన్ జోలికి పోడు.

అంకెలు తెలిసినా చర్య తెలియకపోతే ఏమవుతుందో 2018లో ప్రపంచం చూసింది. రక్తపోటు మందు వల్సార్టాన్‌లో క్యాన్సర్ కారకమైన ఎన్‌డీఎంఏ దొరికింది. మొదట చైనా కంపెనీ సరుకులో, తర్వాత హైదరాబాద్ కంపెనీల సరుకు సహా మరికొన్నింటిలో. ఆ మందు తయారీలో వాడగా మిగిలిపోయిన అజైడ్ అనే రసాయనాన్ని నాశనం చేయడానికి సోడియం నైట్రైట్ కలిపారు. అజైడ్ పోవాలన్నది మంచి ఉద్దేశమే. కానీ అక్కడే ఉన్న డీఎంఎఫ్ అనే సాల్వెంటు కొద్దిగా విరిగి డైమిథైలమీన్ పుట్టింది. నైట్రైట్, ఆ అమీన్ కలిసి ఎన్‌డీఎంఏ అయింది. రోజుకు 96 నానోగ్రాములు దాటకూడదన్న హద్దు పెట్టారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఆ తర్వాత ప్రపంచమంతటా మందుల కంపెనీలు తమ ప్రతి మందు తయారీ దారినీ మొదటినుంచీ తిరగేసి, ఎక్కడ నైట్రైట్, ఎక్కడ అమీన్ కలుస్తున్నాయో వెతకాల్సి వచ్చింది.

జాబితాలో లేనివి

ప్రతి జాబితాకూ ఒక అంచు ఉంటుంది. ఆ అంచు అవతల ఉన్నది నిరపాయమని అనుకోవడమే పెద్ద ప్రమాదం.

2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల నీరు అక్కడికి వచ్చేది. శుద్ధి అయ్యాక కూడా లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. సిప్రో విషం కాదు, మందు. కాబట్టి విషాల జాబితా దాన్ని పట్టుకోలేదు. కానీ ఆ నీటిలో బతకడం నేర్చిన బాక్టీరియా మీద రేపు ఆ మందు పనిచేయదు. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్స్‌కు హద్దులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు.

ఇంకో ఉదాహరణ చూడండి. 2025 జూన్ 30 ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్ యూనిట్‌లో పేలుడు జరిగింది. యాభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మాత్రకు ఆకారం నిలవడానికి కలిపే తెల్లటి పొడి, చెట్టు గుజ్జు నుంచి తీసేది. మనం రోజూ మింగేది.

అంత సాధు పదార్థం ఎలా పేలుతుంది? దుంగ నెమ్మదిగా కాలుతుంది, రంపపు పొట్టు భగ్గుమంటుంది. గాలి తగిలే ఉపరితలం పెరిగేకొద్దీ మంట వేగం పెరుగుతుంది. సన్నటి పొడి గాలిలో లేచి, మూసిన గదిలో నిండి, ఒక నిప్పురవ్వ తగిలితే రెప్పపాటులో కాలిపోతుంది. ఆ వేడికి గాలి ఉబ్బి గోడలు పగులుతాయి. మొదటి పేలుడు అదురుకు దూలాల మీద, పైపుల మీద పేరుకున్న పొడి లేచి రెండో పేలుడు అవుతుంది. చాలాసార్లు భవనాన్ని కూల్చేది ఆ రెండోదే. పిండిమరలు, చక్కెర ఫ్యాక్టరీలు ఇలాగే పేలిన చరిత్ర ప్రపంచమంతటా ఉంది.

ఆ ప్రమాదం మీద రాష్ట్ర ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీకి అధ్యక్షుడిగా ఐఐసీటీ శాస్త్రవేత్తనే పెట్టారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ తార్నాక తలుపు తడుతున్నాం. ప్రమాదానికి ముందు ఎందుకు తట్టకూడదు?

ముందే తట్టాల్సిన తలుపు

చిన్న, మధ్యతరహా కంపెనీకి నిబంధన బరువనిపించడానికి కారణం ఎక్కువగా డబ్బు లేమి, కొంత తెలివిడి లేమి. తమ చర్య ఏ ఉష్ణోగ్రత దగ్గర అదుపు తప్పుతుందో చెప్పే కెలోరీమీటర్ పరీక్ష, తమ పొడి ఎంత సులువుగా పేలుతుందో చెప్పే పరీక్ష చేయించడానికి వారి దగ్గర పరికరం లేదు, చేసే మనిషి లేడు. కన్సల్టెంట్ చేత ఇరవై పేజీల రిపోర్టు రాయించుకుని ఫైలులో పెట్టుకుంటారు. ఆ రిపోర్టు వేరే కంపెనీకి కూడా సరిపోతుందంటే, అది ఎవరి రసాయనం గురించీ చెప్పలేదన్నమాట.

ఉమ్మడి శుద్ధి కేంద్రాలు పెట్టినట్టే ఉమ్మడి భద్రతా పరీక్షశాలలు పెట్టాలి. అంత శాస్త్రం ఉన్న తార్నాక, హబ్సిగూడ వీధులు ఒకవైపు, అంత తయారీ ఉన్న పటాన్‌చెరు, జీడిమెట్ల, విశాఖ పక్కన పరవాడ మరోవైపు ఉన్న మనకు ఇది పెద్ద కోరిక కాదు. చిన్న కంపెనీకి రాయితీ ఇవ్వదలిస్తే తనిఖీల్లో ఇవ్వొద్దు, పరీక్షల ఖర్చులో ఇవ్వాలి. రసాయన ఇంజినీరింగ్ చదివే ప్రతి విద్యార్థీ పట్టా చేతికొచ్చేలోపు ఒక ఫ్యాక్టరీ అత్యవసర ప్రణాళికను వాక్యం వాక్యం చదివి తప్పులు పట్టాలి. ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడికి తాను మోసే డ్రమ్ములో ఏముందో తన భాషలో తెలియాలి. అది తెలుగైనా, ఒడియా అయినా, భోజ్‌పురి అయినా.

చివరగా, ఫ్యాక్టరీ గోడకు ఇవతల ఉన్నవారికి ఒక మాట. మీ పక్క ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఉంది, ప్రమాదం జరిగితే మీకేమవుతుంది, సైరన్ మోగితే మీరేం చేయాలి అన్నవి ప్రమాదం జరగకముందే చెప్పడం దయ కాదు. 1989 నిబంధనల్లో 15వది దాన్ని ఆక్యుపయర్ బాధ్యతగా రాసింది. వెళ్లి అడగండి.